మన హైస్కూలు చరిత్ర రాద్దాం: పాత అడ్మిషన్ రిజిస్టర్లలో కనిపించినవి, మీకు గుర్తున్నవి చెప్పండి

ఆటోనగర్_88

అందరికీ నమస్కారం. నేను 1988లో పదో తరగతి. మొన్న మా తమ్ముడి టీసీ నకలు కోసం విశాఖలో గాజువాక వైపున్న మన హైస్కూలుకి వెళ్ళాను. ఆఫీసులో ఆయన బీరువా తీసి, "సంవత్సరం గుర్తుంటే మీరే వెతుక్కోండి" అని పాత అడ్మిషన్ రిజిస్టర్లు బల్ల మీద పెట్టారు. పావుగంటలో అయిపోవాల్సిన పని. రెండు గంటలు కూర్చుండిపోయాను.

పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి, ఊరు, తండ్రి వృత్తి, చేరిన తరగతి, విడిచిన తేదీ, విడుచుటకు కారణం. ఒక్కో వరస ఒక్కో పిల్లాడు. నా కళ్ళు తండ్రి వృత్తి గడి మీదే ఉండిపోయాయి. బాగా పాత పుస్తకంలో పేజీలకి పేజీలు "వ్యవసాయం", మధ్యమధ్యలో "చేపల వేట". తర్వాతి దాంట్లో "కూలి", "తాపీ మేస్త్రీ", "వెల్డరు", "ఖలాసీ" మొదలయ్యాయి. మా బ్యాచ్ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చూసినా "స్టీలుప్లాంటు". ఇప్పటి పుస్తకంలో ఆటో డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు.

అసలు ఈ పోస్టు పెట్టడానికి కారణం వేరే. 1970ల చివరి రిజిస్టరులో ఒక పేజీ ఉంది. పదకొండు మంది పిల్లలు, అందరిదీ ఒకే ఊరు, ఒకే రోజు ఆరో తరగతిలో చేరారు. ఊరి ఎలిమెంటరీ స్కూల్లో ఐదు పాసై కలిసి వచ్చినవాళ్ళై ఉంటారు. ఏడో తరగతి మధ్యలో అందరూ ఒకేసారి మానేశారు. విడుచుటకు కారణం గడిలో "గ్రామము ఖాళీ చేయుట వలన" అని ఉంది. మొదటి వరసలో రాసి కింద "పైవిధముగా" అని పెట్టేయొచ్చు. రాసినాయన అలా చేయలేదు. పదకొండు వరసల్లోనూ పూర్తిగా రాశారు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఆఖరి రెండు వరసల్లో పాళీ కాస్త ఒత్తి పట్టినట్టుంది, సిరా కాగితం అవతలికి దిగింది.

పిల్లల పేర్లూ ఊరి పేరూ ఇక్కడ పెట్టను, ఎవరో తెలిసిపోతుంది. ఫొటో కూడా తీయలేదు. కానీ ఈ బడి చరిత్ర ఎక్కడా రాసి లేదు. ఎవరికి ఏం తెలిసినా చెప్పండి, ఒకచోట పెడదాం.

పాత_బోర్డుస్కూలు

బాబూ, చాలా మంచి పని మొదలుపెట్టావు. నేను 1961లో ఆరో తరగతిలో చేరాను. డెబ్బై అయిదు దాటాయి, టైపు చేయడం మా మనవరాలు.

మా ఇంట్లో దీన్ని ఎవరూ జిల్లా పరిషత్ హైస్కూలు అనేవారు కాదు. "బోర్డు స్కూలు" అనేవారు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు జిల్లా బోర్డులు ఉండేవి, వాటి కింద నడిచే హైస్కూళ్ళు బోర్డు హైస్కూళ్ళు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక బళ్ళు పరిషత్తు చేతికి వెళ్ళాయి. బోర్డు మీద పేరు మారింది గానీ నోట్లో మారడానికి ఇంకో తరం పట్టింది. తరగతుల పేర్లూ అంతే. మా అన్నయ్య "ఫోర్త్ ఫారం" అనేవాడు, అదే నాకు తొమ్మిదో తరగతి.

అప్పుడు చదువు పదకొండేళ్ళు. పదకొండో తరగతి ఎస్సెస్సెల్సీ, తర్వాత ఒక ఏడాది పీయూసీ. రెండేళ్ళ ఇంటర్మీడియట్ 1969–70లో వచ్చింది, హైస్కూలు పదితో ఆగడం అప్పటినుంచే. కాబట్టి పాత రిజిస్టరులో "పదకొండు" అని కనిపిస్తే తప్పు రాశారనుకోకండి.

మాకు గంట అంటే ఒక రైలు పట్టా ముక్క. వేపకొమ్మకి ఇనుప తీగతో కట్టి ఉండేది. గాలి మనవైపు ఉంటే రెండు ఊర్ల అవతలికి వినపడేది. మొదటి గంట విని పొలం గట్ల మీద పరిగెడితే రెండో గంటకి ప్రేయర్లో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఆ పొలాలెక్కడ, ఆ గట్లెక్కడ.

పెదగంట్యాడ_అమ్మాయి

తాతగారూ, ప్రేయర్ అన్నారు కదా, ఒక సంగతి. మనం రోజూ చెప్పిన "భారతదేశం నా మాతృభూమి" ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు నల్గొండ జిల్లా అన్నేపర్తి ఆయన. 1962లో అది రాసే నాటికి విశాఖపట్నంలోనే జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నారు. మరుసటి ఏడాది విశాఖలోని ఒక బడిలోనే మొదట పిల్లలతో చదివించారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చెప్పడం మొదలైంది. పదేళ్ళు ఎండలో చెయ్యి చాపి చెప్పాను గానీ అది మన ఊళ్ళో రాసిందని నాకు డిగ్రీలో తెలిసింది. మీ రోజుల్లో ఉందా?

పాత_బోర్డుస్కూలు

ఉందమ్మా. నేను ఏడులోనో ఎనిమిదిలోనో ఉండగా కొత్తగా వచ్చింది. హెడ్మాస్టరు గారు నల్లబల్ల మీద రాయించి, రోజుకి రెండు వాక్యాల చొప్పున కంఠతా పట్టించారు. ఇది రాసినాయన మన ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకో మాట. 1966లో నేను పదకొండో తరగతి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని బడులన్నీ బంద్. మేమూ బయటికి వచ్చి గాజువాక రోడ్డు మీద నడిచాం. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది పోయారు. ఉక్కు కావాలని అరిచిన పిల్లల్లో చాలామందివి తర్వాత ఆ ఉక్కు కోసం ఖాళీ చేసిన ఊర్లే. ఆ రోజు మాకది తెలీదు. తెలిసినా అరిచేవాళ్ళమే అనుకుంటాను, ఉద్యోగాలొస్తాయని అంత ఆశ.

కాలనీ_కుర్రాడు_85

నేను నిర్వాసితుల కాలనీలో పుట్టినవాడిని. ఆ పేజీ సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

తెలియని చిన్నవాళ్ళ కోసం చెప్తున్నాను. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు ప్లాంటుకి శంకుస్థాపన చేశారు. భూసేకరణ ఏళ్ళ తరబడి నడిచింది. అరవైకి పైగా ఊర్లు పోయాయి. ఒక ఊరు మీద ఒక ఊరు, ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది రెండు. ఇంటికొకటి ఆర్ కార్డు, అంటే నిర్వాసితుల కార్డు ఇచ్చారు, దాని మీద ఉద్యోగం అన్నారు. వచ్చినవాళ్ళకి వచ్చింది, రానివాళ్ళు ఇప్పటికీ ఆ కార్డు ప్లాస్టిక్ కవర్లో దాచుకునే ఉన్నారు. అప్పికొండలో సోమేశ్వరస్వామి గుడి సముద్రం ఒడ్డున అలాగే ఉంది, శివరాత్రికి వెళ్తాం. కణితి అంటే మా నాన్నకి ఊరు, నాకు కాలనీ, మా అబ్బాయికి రిజర్వాయరు.

బడికి దీనివల్ల ఏమైందంటే, ఊర్లు చెదిరి పిల్లలు ముందు మానేశారు, తర్వాత కాలనీలు లేచి ఒక్కసారిగా వచ్చి పడ్డారు. దాని మీద ప్లాంటు కట్టడానికి శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు. నేను ఆరులో చేరినప్పుడు మా తరగతికి ఎ నుంచి ఎఫ్ దాకా సెక్షన్లు. గదులు చాలక రెండు సెక్షన్లు వరండాలో, ఒకటి వేపచెట్టు కింద. చెట్టు కింద క్లాసులో ఎవరు ఏ స్తంభానికి ఆనుకోవాలన్న గొడవ ఉండదు, అందుకే మాకదే ఇష్టం. వాన పడితే సెలవు.

ప్లాంటుని 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు గారు జాతికి అంకితం చేశారు. ఆ రోజు మాకు లడ్డూలు పంచారు. మా నాన్న లడ్డూ తినలేదు, నాకిచ్చేశాడు. అప్పుడు ఇంకోటి దొరికిందనుకున్నాను.

లెక్కల_టీచర్

నేను ఇక్కడ 1996 నుంచి పన్నెండేళ్ళు లెక్కలు చెప్పాను. రిటైరయ్యాను. చాలామందికి నేను గుర్తుండొచ్చు, స్కేలుతో కొట్టినందుకు క్షమించండి, ఇప్పుడైతే కొట్టను.

బడి పెరిగింది అని అందరూ అంటున్నారు. నేను వచ్చేసరికి తగ్గుతోంది. గాజువాకలో వీధికో కాన్వెంటు లేచింది. ప్లాంటు ఉద్యోగులు ఉక్కునగరం లోపలి స్కూళ్ళకి, కాస్త చేతిలో డబ్బున్నవాళ్ళు టై కట్టే స్కూళ్ళకి పంపేవారు. మా దగ్గరికి వచ్చేది ఇంకెక్కడా ఫీజు కట్టలేనివాళ్ళు. ఎఫ్ సెక్షన్ తీసేశారు, తర్వాత ఇ తీసేశారు. ఖాళీ గదిలో విరిగిన బల్లలు పడేసేవాళ్ళం. సాయంత్రం ఆ గది తాళం వేస్తుంటే మనసు అదోలా అయ్యేది.

కానీ ఆ ఏళ్ళలోనే నేను చూసిన బెస్ట్ పిల్లలు ఉన్నారు. తెల్లారి నాలుగింటికి పాల ప్యాకెట్లు వేసి, ఎనిమిదిన్నరకి ప్రైవేటు క్లాసుకి వచ్చే పిల్లాడు ఒకడు. త్రిభుజాల సిద్ధాంతం నేలమీద సుద్దముక్కతో గీసి మిగతావాళ్ళకి వాడే చెప్పేవాడు. నేను వెనక బెంచీలో కూర్చుని వినేదాన్ని.

చరిత్ర రాస్తే అడ్మిషన్ల అంకెలే రాయకండి. ఎవరు ఎందుకు మానేశారో కూడా రాయండి. ఆడపిల్లలు ఎనిమిది తర్వాత ఎక్కువగా మానేసేవాళ్ళు. కారణం గడిలో "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని రాసేవాళ్ళం. అసలు కారణం చాలాసార్లు బాత్రూమ్ లేకపోవడం. ఆ గడి నేను కూడా నింపాను. అది నాకు ఇప్పటికీ తప్పుగానే అనిపిస్తుంది.

హుద్‌హుద్_బ్యాచ్

మేడమ్, నమస్తే. మా అక్క మీ స్టూడెంట్. ఒక డౌట్. మన ఏరియా గ్రేటర్ విశాఖలో ఉంది కదా, బోర్డు మీద ఇంకా జిల్లా పరిషత్ అని ఎందుకు ఉంటుంది? జీవీఎంసీ స్కూలు అవ్వాలి కదా?

లెక్కల_టీచర్

ఇది అందరూ అడుగుతారు నాన్నా. 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 ఊర్లని కలిపి గ్రేటర్ చేశారు. పన్నులు, రోడ్లు, చెత్త అన్నీ కార్పొరేషన్‌కి వెళ్ళాయి. హైస్కూళ్ళు మాత్రం పరిషత్తు యాజమాన్యంలోనే ఉండిపోయాయి. అందుకే నగరం మధ్యలో కూడా జిల్లా పరిషత్ బోర్డులు కనిపిస్తాయి.

దీనివల్ల మన బడికి ఒక మేలు జరిగింది. నగర పరిధి కాబట్టి టీచర్లకి ఇంటద్దె భత్యం ఎక్కువ. అందుకని బదిలీల కౌన్సెలింగులో ఇక్కడి ఖాళీ కోసం గట్టి పోటీ. ఏజెన్సీలో, మారుమూల మండలాల్లో ఏళ్ళు పనిచేసి పాయింట్లు పోగేసుకున్న సీనియర్లకే దక్కేది. మీ అక్కకి చదువు చెప్పినవాళ్ళలో పాతికేళ్ళ అనుభవం లేనివాళ్ళు తక్కువ. ఇదే టీచరు పాడేరు కొండ మీద ఎన్ని బళ్ళకి లేడో అన్నది ఇంకో సంగతి, అది మర్చిపోకూడదు.

పెదగంట్యాడ_అమ్మాయి

తగ్గిన బడి మళ్ళీ ఎలా నిండిందో నేను చెప్తాను, నేను ఆ మార్పులో ఉన్నదాన్ని కాబట్టి. 2008–09లో సక్సెస్ స్కూళ్ళు అని రాష్ట్రంలో 6,500 హైస్కూళ్ళలో ఇంగ్లీషు మీడియం సెక్షన్ పెట్టారు. అంతవరకు ప్రైవేటు స్కూల్లో ఉన్న నన్ను మా అమ్మ తెచ్చి ఆరులో చేర్చింది. నాన్న చనిపోయిన ఏడాది అది. ఫీజు కట్టలేక తెచ్చాననే మాట అనకుండా, "గవర్నమెంటు స్కూల్లోనూ ఇంగ్లీషేనంట" అని చుట్టాలందరికీ చెప్పింది. ఆ ఒక్క మాట మా ఇంటి పరువు కాపాడింది. అందుకే ఆ పథకం మీద ఎవరెన్ని విమర్శలు చేసినా నాకు గౌరవం.

నిజం చెప్పాలంటే మొదటి ఏడాది చాలా కష్టం. పుస్తకం ఇంగ్లీషు, మాస్టారు తెలుగు, పరీక్ష ఇంగ్లీషు. సోషల్ మాస్టారు రాత్రి ఇంట్లో డిక్షనరీ చూసి పెన్సిల్‌తో పాఠం అంచుల్లో అర్థాలు రాసుకుని వచ్చేవారు. ఆ పుస్తకం నేను ఒకసారి తెరిచి చూశాను, అచ్చు కంటే పెన్సిలే ఎక్కువ. యాభై దాటినాయన మా కోసం మళ్ళీ చదువుకున్నారు.

అదే ఏడాది నూజివీడు ట్రిపుల్ ఐటీ మొదలైంది. సర్కారు బడి పిల్లలకి మార్కుల్లో అదనపు వెయిటేజీ. మా సీనియర్ ఒకమ్మాయికి సీటు వచ్చిన రోజు హెడ్మాస్టరు గారు గంట కొట్టించి అందరినీ గ్రౌండులోకి పిలిచారు. ఎనిమిదిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్, మధ్యాహ్న భోజనం హైస్కూలుకి కూడా రావడం, అన్నీ అటూ ఇటుగా ఆ రోజుల్లోనే. తర్వాతి జూన్‌లో అడ్మిషన్ల దగ్గర క్యూ కట్టారు.

హుద్‌హుద్_బ్యాచ్

మాది 2015 పదో తరగతి. మా ఏడాదిని తుపానుతోనే గుర్తుపెట్టుకుంటారు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆదివారం కావడం మా అదృష్టం. గ్రౌండులో ఉన్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి తొమ్మిదో తరగతి గదుల మీద పడింది. కాంపౌండు గోడ సగం పోయింది. రేకులు ఎక్కడికి ఎగిరాయో తెలీదు. వారం వరకు కరెంటు లేదు, బళ్ళు తెరవలేదు.

తెరిచిన రోజు మేం పుస్తకాలు తేలేదు, గొడ్డళ్ళు తెచ్చాం. పీఈటీ సార్ కొమ్మలు నరికించారు. చెట్టు పడిన గోతిలో వేళ్ళ మధ్య ఒక ఇనుప తీగ చుట్ట, దానికి తుప్పు పట్టిన రైలు పట్టా ముక్క దొరికింది. ఏంటో అప్పుడు తెలీలేదు, పక్కన పడేశాం. పాత బోర్డుస్కూలు తాతగారి పోస్టు చదివాక ఒళ్ళు జలదరించింది. అది మీ గంటేనా?

పాత_బోర్డుస్కూలు

మా గంట వేపచెట్టుకి ఉండేది నాన్నా. నిద్రగన్నేరు అప్పటికి మొక్క. మేమే నాటాం. వేప కొట్టేసినప్పుడు గంట తెచ్చి ఈ చెట్టు మొదట్లో పడేసి ఉంటారు. అదే అయ్యుండాలని నాకు ఆశగా ఉంది. అది ఇప్పుడెక్కడుందో కాస్త కనుక్కుంటావా?

తాపీమేస్త్రీ_శ్రీకాకుళం

నేను ఈ బడిలో చదవలేదు. మా పాపా బాబూ చదువుతున్నారు. మాట్లాడొచ్చనుకుంటున్నాను.

లాక్‌డౌన్లో పనుల్లేక ప్రైవేటు స్కూలు ఫీజు బాకీ పడ్డాను. పాపని తీసుకొచ్చి ఇక్కడ వేశాను. అప్పుడు సర్కారు బళ్ళు బాగుచేసే నాడు–నేడు పనులు నడుస్తున్నాయి. మొదటి విడతలో రాష్ట్రంలో 15,715 బళ్ళు తీసుకున్నారు, మనదీ అందులో ఉంది. పేరెంట్స్ కమిటీ పేరు మీద పనులు. నేను మేస్త్రీని కాబట్టి బాత్రూముల టైల్స్ పని నేనే చేశాను. టీచరమ్మ గారు రాసింది చదివాక చెప్తున్నాను, ఆడపిల్లల బాత్రూములో నీళ్ళు వాలు సరిగ్గా పోతున్నాయా లేదా అని మూడుసార్లు బకెట్టుతో పోసి చూశాను. నా కూతురు వాడేది కదా.

సమస్యలు లేవని కాదు. 2022లో మా బాబు మూడో తరగతి, వాళ్ళ ప్రైమరీ స్కూలు నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతులు తెచ్చి హైస్కూల్లో కలిపారు. ఎనిమిదేళ్ళ పిల్లాడు హైవే దాటి రావాలి. నేను పనికి ఆలస్యమైనా రోజూ దింపేవాణ్ణి. పొద్దున్నే రాగిజావ ఇచ్చేవారు, తాగేవాడు. ఒక్కో సెక్షన్లో అరవై దాటి పిల్లలున్నారు. రంగులు బాగున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గదులు మాత్రం ఇంకా కావాలి. ఇంతమంది చదివి పైకొచ్చారు కదా, ఆ సంగతి కూడా కాస్త గట్టిగా అడగండి బాబూ.

కాలనీ_కుర్రాడు_85

మేస్త్రీ గారూ, మీరు ఈ బడివాళ్ళే. గదుల అర్జీ నేను రాస్తాను, అందరం సంతకాలు పెడదాం.

సముద్రం_ఊరు

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇప్పుడే ఐడీ తెరిచాను.

ఆ పదకొండు మందిలో మా అమ్మ ఉందనుకుంటున్నాను. ఈ పోస్టు ఫోన్లో చదివి వినిపించాను. మొదట ఏం మాట్లాడలేదు. తర్వాత, "పదకొండా? పన్నెండు కదేటి?" అంది. పన్నెండో పిల్లకి జ్వరమొచ్చి చేరే రోజు రాలేదంట, వారం తర్వాత వేరుగా చేరిందంట. పేర్లు వరసగా చెప్పింది. ఆటోనగర్ అన్నా, మీకు ప్రైవేటు మెసేజ్‌లో పెట్టాను, సరిచూడండి.

ఆ చేతిరాత ఎవరిదో కూడా చెప్పింది. తెలుగు మాస్టారిది అంట. ఆఫీసులో మనిషి సెలవులో ఉంటే ఆయనే రాశారంట. టీసీలు ఇచ్చేటప్పుడు పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, "ఎక్కడికి ఎల్లినా చదువు మానకండి" అన్నారంట. అమ్మ మానేసింది. కాలనీలో ఇల్లు లేవడానికి రెండేళ్ళు పట్టింది, ఈలోగా పెళ్ళి చేసేశారు. టీసీ కాగితం మాత్రం ట్రంకుపెట్టెలో ఉంది, ఎక్కడా ఇవ్వలేదు కాబట్టి అలాగే ఉండిపోయింది. ఆ రిజిస్టరులో తన పేరు ఒకసారి చూడొచ్చా అని అడుగుతోంది.

ఆటోనగర్_88

చెల్లీ, పేర్లు సరిచూశాను. పదకొండూ సరిపోయాయి. రెండు పేజీల తర్వాత, వేరే ఊరి పిల్లల మధ్యలో, పన్నెండో అమ్మాయి కూడా ఉంది. కారణం గడిలో అదే మాట, అదే చేతిరాత.

హెడ్‌మిస్ట్రెస్ గారితో మాట్లాడాను. శనివారం మధ్యాహ్నం రమ్మన్నారు. అమ్మగారు మెట్లెక్కే పని లేదు, రిజిస్టర్లు కింద లైబ్రరీ గదిలో పెట్టిస్తామన్నారు. ట్రంకులో ఉన్న టీసీ కూడా తెమ్మని చెప్పు. మిగతా వాళ్ళలో ఎవరెవరు ఎక్కడున్నారో అమ్మకి తెలిస్తే కబురు పెట్టండి, కారు నేను తెస్తాను.

హుద్‌హుద్ తమ్ముడూ, పీఈటీ గదిలో వెతికించాను. జావెలిన్ల వెనకాల ఉంది పట్టా ముక్క. మేస్త్రీ గారు హుక్కు బిగించి ఇస్తామన్నారు. తాతగారూ, మీరూ శనివారం రండి, మనవరాలిని తీసుకుని.